దర్జ్

ఉర్దూలో దర్జ్ అని ఒక మాట ఉంది. రెండు అంచులు కలిసే చోట మిగిలే సన్నటి సందు. బట్టలో అయితే కుట్టు, గోడలో అయితే నెర్రె, తలుపులో అయితే వెలుగు దూరే చీలిక. దర్జీ అన్న మాట దాన్నుంచే వచ్చింది. తెలుగువాళ్లం దర్జీని ఇంట్లోకి రానిచ్చాం గానీ దర్జ్‌ను గుమ్మం బయటే వదిలేశాం. స్కూలు ఉర్దూ మీడియం, డిగ్రీలో తెలుగు సాహిత్యం. కాబట్టి ఇలాంటి పైసా రాని లెక్కలు నాకు అలవాటు. అయినా ఇరవై ఏళ్లకు పైగా పత్రికల్లో పని చేసి ఈ మాట ఒక్కసారి కూడా రాయలేదు. మొన్న ఎండాకాలం విజయవాడ ఆటోనగర్‌లో, ఒక టింకరింగ్ షెడ్డులో, మా అబ్బా అంబాసిడర్ కింద పడుకున్న చాచా నోట విన్నాను.

"దర్జాఁ సారే ఖుల్ గయే మియా" అన్నాడు, టార్చి ఆర్పుతూ.

అబ్బా కారు 1984 మోడల్ మార్క్-4. పెట్రోలు ఇంజను, 1489 సీసీ, తెల్ల రంగు. 1991లో సెకండ్ హ్యాండులో కొన్నారు. కర్నూలు పెద్దాసుపత్రికి పల్లెల నుంచి పేషెంట్లను తెచ్చేది అదే, నికాహ్‌కు దుల్హాను తీసుకెళ్లేది అదే. హజ్ సీజన్ వస్తే హాజీలను హైదరాబాద్ దాకా దింపి వచ్చేవారు. హాజీల దగ్గర పెట్రోలు డబ్బులే తీసుకునేవారు, కిరాయి తీసుకునేవారు కాదు. "దువా కర్నా" అనేవారు అంతే. అమ్మీకి అది నచ్చేది కాదు. దువాతో స్కూలు ఫీజు కట్టగలమా అని అడిగేది.

అబ్బా ఇంతెకాల్ అయి నాలుగేళ్లు. అంతకుముందు ఐదారేళ్ల నుంచే కారు ఇంటి వెనక వేపచెట్టు కింద టార్పాలిన్ కప్పుకుని ఉంది. చెహ్లుమ్ అయిన మర్నాడు భాయిజాన్ తుక్కు వ్యాపారిని పిలుచుకొచ్చాడు. అతను చుట్టూ తిరిగి, మడ్‌గార్డు మీద వేలితో కొట్టి, 32 వేలు అన్నాడు. నేను అమ్మొద్దన్నాను. "అయితే వాటాలు లెక్కకట్టి ఇచ్చెయ్, నీ దగ్గరే ఉంచుకో" అన్నాడు భాయిజాన్. కోపంతో అన్న మాట కాదు, తర్కా విషయంలో అతను ఎప్పుడూ సాఫ్‌గానే ఉంటాడు. అమ్మీకి ఎనిమిదో వంతు, 4,000. మిగతా 28 వేలలో అన్నదమ్ములం ఇద్దరికీ రెండేసి పాళ్లు, ఆపాకు ఒక పాలు. అంటే భాయిజాన్‌కు 11,200, ఆపాకు 5,600. అమ్మీ, భాయిజాన్ తీసుకున్నారు. ఆపా మాత్రం కవరు నా జేబులో తిరిగి పెట్టేసింది. "బండి తయారయ్యాక ముందు సీటు నాది. అబ్బా ఉన్నన్నాళ్లూ ఆడవాళ్లు వెనక అనేవారు" అంది.

అలా 32 వేల తుక్కును, దాదాపు అంత ఖర్చూ పెట్టి, విజయవాడకు లారీ మీద తెప్పించాను. భాయిజాన్ ఇప్పటికీ దీన్ని నా బేవఖూఫీ ఖాతాలోనే రాస్తాడు. సర్కారు లెక్కలో 50 ఏళ్లు దాటితేనే వింటేజ్, మనది ఆ ఖాతాలోకీ రాదు. కంపెనీ ఉత్తర్‌పారాలో 2014లోనే ఈ బండ్లు చేయడం మానేసింది. అందుకని సామాన్లు వెతుక్కోవాలి.

*

అంబాసిడర్ అంటే ఇనప గుండు, ఏనుగు అని మనకు ఒక నమ్మకం. నాకూ ఉండేది. చాచా దాన్ని రెండు నిమిషాల్లో తీసేశాడు. ఈ కారుకు లారీకి ఉన్నట్టు కింద వేరే ఛాసిస్ ఉండదు. ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనా ఇది. బాడీయే దాని ఎముకల గూడు. ఫ్లోరు రేకు, తలుపుల కింద పొడుగునా పోయే పెట్టెలాంటి భాగం, చక్రాల పైన గుమ్మటాలు, డిక్కీ అడుగు, అన్నీ విడివిడి రేకులు. ఒక రేకు అంచు మీద ఇంకో రేకు అంచు వేసి, వేలెడు దూరానికి ఒక స్పాట్ వెల్డింగ్ చుక్క పెట్టుకుంటూ పోతారు. చుక్కకీ చుక్కకీ మధ్య రేకులు ఆనుకుంటాయి గానీ అతుక్కోవు. అదే దర్జ్. అందులోకి నీళ్లు పోవడానికి పెద్ద వాన అక్కర్లేదు. లుంగీ అంచు బకెట్లో పడితే తడి దానంతటదే పైకి పాకుతుంది చూడండి, రెండు రేకుల మధ్య సన్నటి సందులో కూడా నీళ్లు అలాగే పాకుతాయి. ఒకసారి పాకాక ఎండ దాన్ని చేరలేదు. పైన రంగు మిలమిల మెరుస్తూనే ఉంటుంది, లోపల జంగ్ పట్టి రెండు రేకుల్నీ ఉబ్బించి విడదీస్తుంది.

అందుకే ఫ్యాక్టరీలో దర్జ్‌ల మీద ఒక మైనం లాంటి ముద్ద పూస్తారు. నలభై ఏళ్లకు అది రాయి అయిపోతుంది. మా కారులో అది రేగడి నేలలా నెర్రెలిచ్చి ఉంది. చాచా స్క్రూడ్రైవరు మొన పెట్టి పైకి లేపితే మూరెడు పొడుగున పెంకులా ఊడి వచ్చింది. దాని కింద ఎర్రటి పొడి.

సీట్లు పీకారు. కింది రబ్బరు మ్యాట్లు, వాటి కింద తారు అట్టలు లేపారు. రేకు మీద చిన్న సుత్తితో కొట్టుకుంటూ వెళ్లాడు చాచా. ఇనుము బాగున్న చోట టంగ్ అంటుంది, చచ్చిన చోట డబ్ అంటుంది. నాకూ ఒక గంటలో ఆ తేడా పట్టుబడింది. డ్రైవరు వైపు డబ్ ఎక్కువ. ఎడమ వైపు బాక్సు కింద అంచును గ్రైండరుతో కోశారు. మేము తుప్పు రాలుతుందని చూస్తున్నాం. మట్టి పడింది.

ఎర్ర మట్టి కాదు, మా పెరటి మట్టీ కాదు. మెత్తటి బూడిద రంగు ఒండ్రు, గడ్డకట్టి ఇటుక ముక్కల్లా. కుర్రాడు రేకు చేటలోకి ఎత్తాడు. ఐదారు కిలోలు ఉంటుంది. "ఏ మిట్టీ కహాఁకీ?" అన్నాడు చాచా.

తుంగభద్రది.

*

2009 అక్టోబరు 2. ఆ రోజు జుమా. కర్నూలు మునిగిన రోజు ఆ ఊరివాళ్లెవరికీ తారీఖు చెప్పక్కర్లేదు. నేను హైదరాబాద్‌లో డెస్కులో ఉన్నాను. కర్నూలు వార్తలన్నీ నా చేతి మీదుగానే పోతున్నాయి. అబ్బాకు ఫోను దొరికేసరికి రాత్రయింది. అమ్మీ పక్కింటివాళ్ల మేడ మీద ఉందట, అబ్బా మాత్రం కింద ఉన్నారట. కారును మెరక మీదికి తోయడానికి మనుషుల కోసం చూస్తున్నారట. నేను అరిచాను. "కారు గంగలో కలవనీ! ఆ డొక్కు కోసం చస్తారా?"

అవతల కొంచెంసేపు ఏమీ వినబడలేదు. తర్వాత "అచ్ఛా బేటా" అన్నారు. లైను పోయింది.

అబ్బా మేడ ఎక్కారు. అల్‌హమ్దులిల్లాహ్, ఇంట్లో అందరూ బతికారు. కారు సీట్ల దాకా మునిగింది. నీళ్లు తీశాక ఇంజను విప్పించారు, సీట్లు మార్పించారు, మళ్లీ నడిపారు. కానీ ఆ తర్వాత ఆయన నాతో కారు సంగతి మాట్లాడలేదు. నేను అడిగితే "చల్ రహీ హై" అనేవారు. నేను చెప్పింది తప్పు కాదు. ఇప్పుడైనా అదే చెబుతాను. డొక్కు అన్న మాట మాత్రం అనకుండా ఉండాల్సింది. ఆయన సంపాదనంతా ఆ డొక్కు మీదే, నా కాలేజీ ఫీజుతో సహా.

*

రెండో రోజు తలుపులు విప్పారు. చాచా ఒక తలుపును బోర్లించి, అడుగు అంచు మీద వేలు పోనిచ్చి ఆగాడు. "ఇదెవరు చేశారు?" అని అడిగాడు. ఈసారి తెలుగులో అడిగాడు, కోపం వస్తే చాచాకు తెలుగు వస్తుంది.

ఒక సంగతి చెప్పాలి, కారున్న వాళ్లలో చాలామందికి తెలియదు. తలుపులోకి వాన నీళ్లు పోవడం సహజం. అద్దం పక్కన ఉండే రబ్బరు నీళ్లను పూర్తిగా ఆపదు, దానికి ఆ పనీ లేదు. అద్దం మీద పడ్డ నీళ్లు తలుపు లోపలికి జారతాయి, అడుగున ఉన్న చిన్న రంధ్రాల్లోంచి రోడ్డు మీద పడతాయి. తలుపుల కింది బాక్సులకూ అలాంటి తూములే ఉంటాయి. దర్జ్ ముయ్యాలి, తూము ముయ్యకూడదు. రెండూ చూడటానికి సందులే.

మా కారులో ప్రతి తూమూ మూసి ఉంది. ఎంసీల్‌తో. అదే, కుళాయి కారితే మనం రెండు ముద్దలు కలిపి పిసికి పెడతామే, అది. కుళాయికి అది మంచిదే. పని తెలియని చోట పెట్టారు, అంతే. నాలుగు తలుపులకు, రెండు బాక్సులకు కలిపి 14 ముద్దలు. ఏడెనిమిదేళ్లు, ఆ తర్వాత వేపచెట్టు కింద ఇంకో పదేళ్లు, ప్రతి వానకూ తలుపుల్లోకి పోయిన నీళ్లు బయటికి దారి లేక అక్కడే నిలిచాయి. బాక్సుల్లోని ఒండ్రు ఆ నీళ్లను స్పాంజిలా పట్టుకుంది. వరద కారును ఒక్క రాత్రి తడిపింది. మిగతా పనంతా ఈ ముద్దలే చేశాయి.

చాచా ఉలితో ఒక్కొక్కటీ రాల్చి నా అరచేతిలో పెట్టాడు. పావలా బిళ్లంత ముద్ద. ఒకవైపు రంధ్రంలో దిగిన పిలక. రెండోవైపు మెత్తగా ఉన్నప్పుడు బొటనవేలితో అదిమిన గుంట. గుంటలో వేలిముద్ర గీతలు, ఒక్కటీ చెరగలేదు. 14 ముద్దల మీదా ఒకటే బొటనవేలు.

ఆ రాత్రి అమ్మీకి ఫోను చేశాను. ఆమెకు గుర్తుంది. వరద తర్వాతి ఏడాది హార్డ్‌వేర్ దుకాణం నుంచి అబ్బా ఆ ప్యాకెట్లు తెచ్చేవారట. ఇంట్లో కారే కుళాయి ఒక్కటే ఉంటే ఇన్ని ఎందుకని అడిగితే నవ్వేవారట. ఇషా నమాజ్ అయ్యాక టార్చి పట్టుకుని కారు కింద దూరేవారట. "వాన శబ్దం వినబడితే లేచి కూర్చునేవారు. కారులోకి నీళ్లు వస్తాయనే" అంది. నాకు ఎందుకు చెప్పలేదు అని అడిగాను. "నీకు కారంటే చిరాకు కదా" అంది అమ్మీ, మామూలుగా, కూరలో ఉప్పు తగ్గింది అన్నట్టు.

*

ఇక దర్జ్‌లు ముయ్యడం. ఈ పని ఇంత ఇష్టంగా ఉంటుందని నేననుకోలేదు. ఆఫీసుకు నాలుగు రోజులు సెలవు పెట్టి చాచా దగ్గర షాగిర్ద్‌గా కూర్చున్నాను.

చచ్చిన రేకంతా కోసి, కొత్త రేకు వంచి, సీవోటూ వెల్డింగుతో అతికించారు. అది చాచా పని. నాకు అప్పగించింది సాఫ్ చేయడం. గ్రైండరుకు వైరు కప్పు తగిలించి దర్జ్ పొడుగునా పాత ముద్ద, రంగు, తుప్పు పోయి తెల్లటి ఇనుము కనబడేదాకా పట్టాలి. రెండు రేకుల మధ్యకు ఏ బ్రష్షూ దూరదు, అక్కడ తుప్పును నల్లగా మార్చి ఆపే ఫాస్ఫారిక్ యాసిడ్ మందు పూశాం. ఆరాక కడిగి, గాలి గొట్టంతో నీళ్లు ఊది, ఎండలో పెట్టి, థిన్నరు గుడ్డతో తుడిచాం. ఒక గుడ్డతో తడి చేయాలి, ఇంకో పొడి గుడ్డతో వెంటనే ఎత్తేయాలి. ఒకే గుడ్డతో తుడిస్తే జిడ్డును ఇక్కణ్నుంచి అక్కడికి జరపడమే. నేను మొదటి రోజంతా అదే చేశాను.

ఆ తర్వాత ఎపాక్సీ ప్రైమరు. సీలెంటు ఒట్టి ఇనుము మీద వేయకూడదు, ప్రైమరు మీద వేయాలి. ఇక్కడ చాచాకు ఒక పాత కోపం ఉంది. ఆ వరద తర్వాత కర్నూలులో ఒక షెడ్డులో (పేరెందుకు) ఈ కారుకు రంగు వేశారు. వాళ్లు డిక్కీ దర్జ్‌లలో బాత్రూములకు వాడే సిలికాన్ నింపి దాని మీద రంగు కొట్టారు. సిలికాన్ మీద రంగు నిలవదు, చుట్టుపక్కల కూడా చేపకళ్లలా గుంటలు పడతాయి. ఆ సిలికాన్ గీకడానికే నాకు ఒక పూట పట్టింది. కారుకు వాడాల్సింది పాలీయురితేన్ సీలెంటు. ఆరినా రబ్బరులా సాగుతుంది, మీద రంగు పడుతుంది. గుంతల్లో బాడీ మెలితిరిగితే అదీ మెలితిరుగుతుంది. పుట్టీ అయితే పగులుతుంది. ఇంకో మంచి సంగతి, అది ఆరేది ఎండకు కాదు, గాలిలో తడికి. విజయవాడ ఉక్కపోత పనికొచ్చిన సందర్భం నా అనుభవంలో ఇదొక్కటే.

ట్యూబు మూతిని ఏటవాలుగా, చిన్నగా కోయాలి. నేను పెద్దగా కోశాను, లోపల్నుంచి పాములా వచ్చి పడింది. తుపాకీని దర్జ్ మీద ఆనించి, చెయ్యి ఆపకుండా, ఒకే వేగంతో లాగాలి. తర్వాత థిన్నరులో ముంచి పిండిన చిన్న బ్రష్షుతో దాన్ని రెండు రేకుల మీదికీ ఒత్తుతూ పూయాలి. ఒత్తకపోతే ముద్ద పైన కూర్చుంటుంది గానీ సందులోకి దిగదు. పైపొర కట్టడానికి అరగంట లోపే పడుతుంది, ఆలోగా ముగించాలి. పొర కట్టాక బ్రష్షు పెట్టినవాడు పాడుచేసినట్టే. "ఖత్ సాఫ్ నై తుమారా" అన్నాడు చాచా నా మొదటి గీత చూసి. చేతిరాత బాగాలేదని. నా చేతిరాత గురించి స్కూల్లో ఉస్తాద్ కూడా అదే అనేవారు.

చాచా తన ఉస్తాద్ దగ్గర పని నేర్చుకున్నప్పుడు ఈ ట్యూబులు లేవట. పైకి కనబడే దర్జ్‌లను సీసంతో నింపేవాళ్లట. ముందు రేకుకు కలాయి పెట్టాలి, గిన్నెలకు పెట్టినట్టే. నవసాగరం వాసన, గుడ్డతో తుడుపు, మన గల్లీల్లో కలాయివాలా చేసిన పనే అది. దాని మీద సీసం, తగరం కలిపిన కడ్డీని మంటతో వెన్నలా మెత్తబరిచి, నూనె రాసిన చెక్క తెడ్డుతో పరిచేవాళ్లు. తర్వాత ఆకురాయితో నున్నగా చేసేవాళ్లు. "ఆ పొడి పీల్చాం, మూతికి గుడ్డ కూడా కట్టుకోలేదు" అన్నాడు. వింటుంటే నాకు సూరె సఫ్‌లోని మర్సూస్ అన్న మాట తట్టింది. రసాస్ అంటే అరబీలో సీసం. సీసం పోసి బిగించిన కట్టడం అని కొందరు ముఫస్సిర్లు దానికి అర్థం చెప్పారు. చిన్నప్పుడు జమాత్‌లో మౌల్వీసాబ్ మా భుజాలు కలుపుతూ ఆ మాట చెప్పేవారు గానీ, సీసం ఎలా పోస్తారో ఆయనా చూసి ఉండరు. చాచాకు చెప్పాను. ఆయన తుపాకీ పక్కన పెట్టి, "సచ్?" అని, ఆ రోజు అసర్‌కు వెళ్లేటప్పుడు దారంతా దాని గురించే అడిగాడు.

అన్ని దర్జ్‌లూ అయ్యాయి. చక్రాల గుమ్మటాల లోపల దట్టంగా, టైరు విసిరే నీళ్లు తగిలేది అక్కడే కాబట్టి. ఫ్లోరుకు పైనా కిందా. చాచా చివరికి డ్రిల్లు తీసుకుని ప్రతి తూములో పోనిచ్చి, పొరపాటున ఎక్కడైనా సీలెంటు చేరిందేమో చూశాడు. "పానీకూ రోక్ నై సక్తే మియా. రస్తా దేనా పడ్తా." బాక్సుల లోపలికి సన్నటి గొట్టంతో మైనం నూనె చిమ్మడం రంగు అయ్యాక. అది ముందే చిమ్మితే రంగు పట్టదు.

*

నిన్న నీళ్ల పరీక్ష. ముందు అద్దం ఉంది, రంగు ఇంకా లేదు, కారు బూడిద రంగు ప్రైమరులో ఇహ్రామ్ కట్టినట్టు ఉంది. తడిస్తే తెలియాలని లోపల దర్జ్‌ల వెంబడి పాత పేపరు చీలికలు పరిచాం, మా పేపరే. నేను లోపల టార్చితో కూర్చున్నాను, కుర్రాడు బయట పైపుతో. కింది నుంచి మొదలుపెట్టి పైకి వెళ్లాలి. పైనుంచి మొదలుపెడితే నీళ్లు ఎక్కణ్నుంచి వచ్చాయో తెలియదు. ముందు చక్రాలు, వెనక చక్రాలు, డిక్కీ, తలుపులు. ఒక్కోచోట ఐదేసి నిమిషాలు. తలుపు లోపల నీళ్లు జారుతున్న చప్పుడు వినబడుతోంది. తల బయటికి పెట్టి చూశాను. తూములన్నిట్లోంచి ధారగా రోడ్డు మీదికి పోతోంది.

ఆ ముద్దల్లో ఒకటి నా షర్టు జేబులో ఉంది. మిగతావి అమ్మీ తెమ్మంది.

నీళ్లు అద్దం దాకా వచ్చాయి. డ్యాష్‌బోర్డు ఎడమ మూల పేపరు మీద ఒక చుక్క పడి, చూస్తుండగానే అక్షరాలు నల్లగా ఉబ్బాయి. నేను కేక వేశాను. చాచా వచ్చి తడిని వేలితో తడిమి, దర్జ్ కాదు, అద్దం రబ్బరు అన్నాడు. పాతది గట్టిపడిపోయిందట, కొత్తది కలకత్తా నుంచి తెప్పించాలట, పది రోజులు పడుతుందట. సుద్దముక్కతో అక్కడ ఒక గీత గీసి, మగ్రిబ్ అజాన్ వినబడుతుంటే చేతులు కడుక్కోవడానికి వెళ్లాడు. ఆ సీటు ఆపాది. ఫోను చేసి ఇంకో పది రోజులు ఆగమని చెప్పాను.